మణికొండ (హైదరాబాదు)

మణికొండ, తెలంగాణ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లా, గండిపేట మండలానికి చెందిన పూర్వపు గ్రామం. నేడు ఇది హైదరాబాదు నగరపు పడమటి భాగంలో ఒక పెద్ద నివాస ప్రాంతం. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడలలోని సాఫ్టువేరు సంస్థలలో ఉద్యోగం దొరికి నగరానికి తరలివచ్చేవారు మొదటి అద్దె ఇల్లు వెదుక్కునే చోట్లలో మణికొండ ఒకటి. దీని పిన్ కోడ్ 500089. రాజేంద్రనగర్ శాసనసభ నియోజకవర్గంలోను, చేవెళ్ళ లోక్‌సభ నియోజకవర్గంలోను ఉన్నది. 2018 వరకు గ్రామ పంచాయతీగాను, తరువాత పురపాలక సంఘంగాను ఉండి, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయినది.

హైటెక్ సిటీకి ఇంత దగ్గరగా ఉండి కూడా 2025 వరకు నగర పాలక సంస్థ హద్దుకు బయటే ఉండిపోవడం ఈ ఊరి ప్రత్యేకత. ఇక్కడ అద్దెలు పొరుగు ప్రాంతాలకంటే తక్కువగా ఉంటూ రావడానికీ, నీటికీ మురుగు కాలువలకూ ఇబ్బందులు కలగడానికీ చాలావరకు కారణం ఇదే. కనుక మణికొండలో ఇల్లు తీసుకొనే వ్యక్తికి ఊరి చరిత్ర తెలిసి ఉండడం పనికివచ్చే విషయమే.

ఉనికి

మణికొండకు ఉత్తరాన ఖాజాగూడ, పడమర పుప్పాలగూడ, దక్షిణాన నెక్నాంపూర్, తూర్పున షేక్‌పేట ఉన్నాయి. గోల్కొండ కోట తూర్పు దిక్కున కొద్ది కిలోమీటర్ల దూరంలో కలదు. నైఋతి దిశగా నార్సింగి, ఆపైన కోకాపేట, గండిపేట చెరువు వస్తాయి. రాయదుర్గం మెట్రో స్టేషను సుమారు 6 కిలోమీటర్లు, గచ్చిబౌలి కూడలి కూడా దాదాపు అంతే దూరం. అయితే కిలోమీటర్ల లెక్క ఈ ప్రాంతంలో పెద్దగా ఉపయోగపడదు. ఆ 6 కిలోమీటర్లకు ఉదయం 7 గంటలకు పట్టే సమయం వేరు, 9 గంటలకు పట్టే సమయం వేరు.

నేల అంతా నల్లరాతి గుట్టలు. దక్కను పీఠభూమిలోని అతి పురాతనమైన గ్రానైటు శిలలు హైదరాబాదు పడమటి వైపున ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో చాలా భాగం భవనాల కోసం పగులగొట్టినా, ఖాజాగూడ గుట్టలు ఇంకా కొంత మిగిలి ఉన్నాయి. ఈ రాతి నేల సంగతి తరువాత నీటి విషయంలో మళ్ళీ వస్తుంది. వాన నీరు ఖాజాగూడ, పుప్పాలగూడ ఎత్తుల నుండి దక్షిణానికి పారి, గొలుసుకట్టు చెరువుల గుండా నెక్నాంపూర్ చెరువును చేరి, అక్కడినుండి మూసీ నదిలో కలుస్తుంది. ఊరి వాలు ఎటు ఉన్నదో తెలుసుకోవడానికి ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

పూర్వ చరిత్ర

రెవెన్యూ దస్త్రాలలో ఈ గ్రామం పేరు మణికొండ జాగీరు. నిజాం కాలంలో గ్రామాదాయాన్ని ఎవరికైనా అప్పగించిన పద్ధతికి జాగీరు అని పేరు. ఈ గ్రామం హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాతో ముడిపడి ఉన్నది. హుసేన్ షా వలీ కుతుబ్‌షాహీల కాలానికి చెందిన సూఫీ. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో హుసేన్‌సాగర్ చెరువును త్రవ్వించిన పనికి ఆయనే పెద్ద అని, చెరువుకు ఆ పేరు ఆయన వల్లనే వచ్చిందని ప్రసిద్ధి. షేక్‌పేట నుండి మణికొండకు వచ్చే దారిలో ఉన్న ఆ దర్గా వల్లనే ఆ బస్సు స్టాపును ఇప్పటికీ "దర్గా" అంటారు. ప్రతిరోజు అక్కడ బస్సు దిగే ఉద్యోగులలో తాము నివసించే ఊరికీ ఆ దర్గాకూ ఉన్న సంబంధం తెలిసినవారు తక్కువ.

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తరువాత దాదాపు యాభై సంవత్సరాలు మణికొండ నగరం దృష్టిలో పడని ఒక చిన్న పల్లె.

ఐటీ రాకతో వచ్చిన మార్పు

1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. అదే సంవత్సరం గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటీ), మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ప్రారంభమయినది. మాదాపూరు, గచ్చిబౌలి, వాటి చుట్టుపట్ల గ్రామాలతో 52 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడింది కూడా 2001లోనే. 2008లో అది హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ)లో కలిసిపోయింది.

కార్యాలయాలు మొదట మాదాపూరులో, తరువాత గచ్చిబౌలిలో, ఆపైన నానక్‌రాంగూడలో ఆర్థిక జిల్లాగా పిలిచే చోట పెరుగుతూ వచ్చాయి. అంటే కొలువులు ఏటేటా దక్షిణానికి, నైఋతికి జరిగాయి. మణికొండ కదలలేదు, కొలువులే దాని దగ్గరకు వచ్చాయి. 2000 నాటికి మాదాపూరు ఉద్యోగికి మణికొండ దూరపు పల్లె. 2019 ఆగస్టులో నానక్‌రాంగూడలో అమెజాన్ సంస్థ తన పెద్ద ప్రాంగణాన్ని ప్రారంభించేనాటికి అక్కడి ఉద్యోగికి మణికొండే దగ్గరి ఊరు. ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాదుల మధ్య భాగం 2008 నవంబరులో తెరవడంతో విమానాశ్రయానికి దారి కూడా సులభమయింది.

సినిమా పరిశ్రమతోనూ ఈ ఊరికి సంబంధం కలదు. ఖాజాగూడ, మణికొండల మధ్య సినీ కార్మికుల సహకార గృహనిర్మాణ సంఘం కట్టిన కాలనీకి నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి పేరిట చిత్రపురి కాలనీ అని పేరు పెట్టారు. నానక్‌రాంగూడలో రామానాయుడు స్టూడియో ఉన్నది. ఈ కారణంగా మణికొండ ఇరుకు వీధులలో ఒకే భవనంలో ఒక అంతస్తున ప్రోగ్రామరు, మరొక అంతస్తున సహాయ దర్శకుడు అద్దెకు ఉండడం మామూలు.

పంచాయతీ హద్దు

2007 ఏప్రిల్‌లో హైదరాబాదు నగరానికి చుట్టుపట్ల ఉన్న 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి హైదరాబాదు మహానగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ)ను ఏర్పాటుచేశారు. ఉత్తరాన శేరిలింగంపల్లి, ఆగ్నేయాన రాజేంద్రనగర్ పురపాలక సంఘాలు నగరంలో చేరాయి. తూర్పున షేక్‌పేట అంతకు ముందే నగరంలో ఉన్నది. మణికొండ మాత్రం చేరలేదు. దాదాపు మూడు వైపుల మహానగరం, మధ్యలో గ్రామ పంచాయతీ.

దీని ఫలితం రెండు విధాలుగా కనిపించింది. నగరం హద్దు దాటగానే భూమి ధర, ఇంటి పన్ను, అద్దె తగ్గేవి. చిన్న స్థలాలలో అపార్టుమెంట్లు కట్టడం మొదలయింది. అదే సమయంలో ఒక పల్లెటూరికి సరిపోయే సిబ్బంది, ఆదాయం ఉన్న పంచాయతీ, వేల కుటుంబాలు నివసించే పట్టణానికి రోడ్లు వేయవలసి, చెత్త ఎత్తవలసి, మురుగునీరు పంపవలసి వచ్చింది. తక్కువ అంతస్తులకు అనుమతి తీసుకొని పైన మరికొన్ని అంతస్తులు వేసిన కట్టడాలు ఈ కాలంలోనే పుట్టుకొచ్చాయి. ఎదురెదురు భవనాల బాల్కనీలలోంచి చేయి చాపితే తగిలేంత సందులు ఇప్పటికీ పంచవటి కాలనీ వైపు, పాత ఊరి వైపు కనబడతాయి.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో గండిపేట మండలం ఏర్పడి మణికొండ అందులో చేరింది. 2018 ఆగస్టులో మణికొండ, పుప్పాలగూడ, నెక్నాంపూర్ ప్రాంతాలతో మణికొండ పురపాలక సంఘం వచ్చింది. 2020 జనవరిలో దానికి మొదటి ఎన్నికలు జరిగాయి. 2025 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఔటర్ రింగు రోడ్డు లోపల, దానిని ఆనుకొని ఉన్న 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలపాలని నిర్ణయించింది. ఆ మరుసటి నెలలో మణికొండ, నార్సింగి కూడా వాటితోపాటు విలీనమయ్యాయి. పాలన మారినంత వేగంగా భూమిలోని గొట్టాలు మారవు. పంచాయతీ కాలంలో వేసిన సన్నని మురుగు గొట్టాల మీదనే నేటి భవనాలు చాలా వరకు ఆధారపడి ఉన్నాయి.

భూమి వివాదం

మణికొండ జాగీరులో 1,654 ఎకరాల 32 గుంటల భూమి హుసేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తి అని వక్ఫ్ బోర్డు, ప్రభుత్వ భూమి అని రాష్ట్ర ప్రభుత్వం చాలా కాలం న్యాయస్థానాలలో వాదించాయి. 1989లో వెలువడిన వక్ఫ్ ప్రకటనకు 2006లో ఒక సవరణ ప్రకటన చేర్చి, ఈ భూమిని అందులో చూపడంతో వివాదం ముదిరింది. అప్పటికే ఆ భూమిలో పెద్ద భాగాన్ని ప్రభుత్వం తన పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ద్వారా ఐటీ కంపెనీలకు, విద్యాసంస్థలకు, నివాస సముదాయాలకు కేటాయించి ఉన్నది. ల్యాంకో హిల్స్ బహుళ అంతస్తుల సముదాయం కూడా ఈ భూమిలోనిదే.

2012లో హైకోర్టు తీర్పు వక్ఫ్ బోర్డుకు అనుకూలంగా వచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2022 ఫిబ్రవరి 7న న్యాయమూర్తులు హేమంత్ గుప్తా, వి. రామసుబ్రమణియన్‌ల ధర్మాసనం 2006 నాటి సవరణ ప్రకటనను కొట్టివేసి, జాగీర్ల రద్దుతో ఆ భూమి ప్రభుత్వానికి సంక్రమించిందని తీర్పు చెప్పింది. నడుమ ఉన్న పదేళ్ళలో అక్కడ ఫ్లాటు కొన్నవారికి, కొనదలచినవారికి ఈ దావా తలపై కత్తిలా ఉండేది. అద్దెకు ఉండేవారికి దీనితో పనిలేదు. కొనదలచినవారు మాత్రం తమ భవనం ఏ సర్వే నంబరులో ఉన్నదో, ఆ నంబరు చెరువు శిఖం భూమిలో గాని ప్రభుత్వ భూమిలో గాని పడుతుందో లేదో న్యాయవాది చేత చూపించుకోవడం ఈ ఊరిలో ఆనవాయితీ అయింది. బ్యాంకు అప్పు ఇచ్చింది కనుక పత్రాలు సరిగా ఉన్నట్టే అనుకోవడం చాలడం లేదు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల ఆక్రమణలను తొలగించడం మొదలుపెట్టిన తరువాత, చెరువు పూర్తి నీటిమట్టపు హద్దు ఎక్కడ అన్న ప్రశ్న ఇళ్ళ కొనుగోలులో ముందుకు వచ్చింది.

లోపలి ప్రాంతాలు

బయటివారు అంతటినీ కలిపి మణికొండ అన్నా, లోపల ఒక వీధికీ మరొక వీధికీ జీవనం చాలా తేడా. మర్రిచెట్టు కూడలి పాత ఊరి నడిబొడ్డు. దుకాణాలు, కర్రీ పాయింట్లు, టిఫిను సెంటర్లు, మందుల షాపులు, హాస్టళ్ళు దీని చుట్టూనే ఉన్నాయి. వంట రాని కొత్త ఉద్యోగికి, బండి లేనివారికి ఇది అనుకూలం. అర్ధరాత్రి దాకా సందడి తగ్గదు కనుక పసిపిల్లలున్న కుటుంబాలకు అంత అనుకూలం కాదు.

ల్యాంకో హిల్స్, దాని చుట్టూ వచ్చిన గేటెడ్ సముదాయాలలో జనరేటరు, కాపలా, ఈతకొలను వంటి వసతులున్నాయి. అద్దెతోపాటు నెలనెలా మెయింటెనెన్సు కూడా అందుకు తగినట్టే ఉంటుంది. పుప్పాలగూడ, ఆల్కాపూర్ టౌన్‌షిప్ వైపు వీధులు పాత మణికొండ కంటే వెడల్పు. చిన్న అపార్టుమెంట్లు, విడి ఇళ్ళు కలిసి ఉంటాయి. నార్సింగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కడానికి 2023 జూలైలో ఇంటర్‌ఛేంజి తెరిచాక ఈ వైపు గిరాకీ పెరిగింది. ఓయూ కాలనీ, దర్గా వైపు ఉన్నవారికి మెహదీపట్నం బస్సులు దగ్గర. నెక్నాంపూర్ వైపు కొంత ప్రశాంతంగా ఉంటుంది గాని, ఊరి నీరంతా చేరేది అక్కడికే.

నెక్నాంపూర్ చెరువు గురించి ఒక మంచి మాట కూడా చెప్పవలసి ఉన్నది. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం నాడు, ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో ఇక్కడ తేలియాడే మొక్కల తెప్పను ఏర్పాటుచేశారు. మొక్కల వేళ్ళు నీటిలోని మురుగు పదార్థాలను పీల్చుకొని నీటిని శుభ్రపరచడం దీని పద్ధతి. సుమారు 3,000 చదరపు అడుగుల ఆ తెప్ప అప్పటికి దేశంలో అతి పెద్దదిగా పేరు పొందింది. గుర్రపుడెక్కతో నిండిపోయిన చెరువుకు పక్షులు తిరిగి రావడం చూసి పొరుగు కాలనీల వారు కూడా పనిలో చేరారు.

నీరు, మురుగు కాలువలు

మణికొండలో ఇల్లు ఎంచుకోవడంలో అతి ముఖ్యమైన ప్రశ్న నీరు. ఇక్కడ నేల గట్టి రాయి కనుక భూగర్భజలం రాతి పగుళ్ళలో మాత్రమే నిలుస్తుంది. పగులు తగిలిన బోరులో నీళ్ళుంటాయి. పక్క స్థలంలో ఎంత లోతుకు వేసినా రాకపోవచ్చు. కాబట్టి వీధిలో ఒక అపార్టుమెంటుకు వేసవిలో నీళ్ళుండి, పక్క అపార్టుమెంటు ట్యాంకర్ల మీద బ్రతకడం ఇక్కడ వింతకాదు. ఔటర్ రింగు రోడ్డు లోపలి 190 గ్రామాలకు జలమండలి తలపెట్టిన నీటి పథకం వల్ల నగర జలాలు మణికొండకూ అందాయి. హైదరాబాదులో ఈ నీటిని ఏ నది నుండి వచ్చినా "మంజీరా నీళ్ళు" అనడం వాడుక. ఇవి రోజు విడిచి రోజు గాని, నియమిత సమయాలలో గాని వస్తాయి కనుక భవనానికి పెద్ద సంపు ఉన్నదా అన్నది తరువాతి ప్రశ్న.

ఇల్లు చూపించే రోజున కొళాయిలో నీళ్ళు రావడం ఏమీ తెలుపదు. ఏప్రిల్, మే నెలలలో ట్యాంకరు ఎన్ని రోజులకొకసారి వచ్చింది, ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసిందా లేక విడిగా పంచుతారా అని వాచ్‌మన్‌ను గాని, కింది అంతస్తువారిని గాని అడిగితే నిజం తెలుస్తుంది. అద్దె తక్కువని తీసుకున్న ఇంటికి వేసవిలో నీటి ఖర్చు కలిపితే ఆ తేడా మాయమయిన సందర్భాలు చాలా ఉంటాయి.

వానాకాలపు సమస్య దీనికి వ్యతిరేకం. చెరువులను కలిపే కాలువలు భవనాల మధ్య ఇరుకైపోవడంతో, గంటసేపు కుండపోత పడితే రోడ్డు, నాలా ఒకటైపోతాయి. 2021 సెప్టెంబరు 25 రాత్రి మణికొండలో భారీ వర్షం కురుస్తుండగా, నాలా పనుల కోసం త్రవ్వి తెరిచి ఉంచిన గోతిలో రోడ్డు దాటుతున్న ఒక సాఫ్టువేరు ఉద్యోగి పడిపోయాడు. నీటి క్రింద గోయి కనబడలేదు. రెండు రోజుల గాలింపు తరువాత అతని మృతదేహం నెక్నాంపూర్ చెరువులో దొరికింది. పైన చెప్పిన వాలును ఆ నీరు ఎలా పట్టుకుపోయిందో ఈ సంఘటన చూపుతుంది. అంతకు ముందు 2020 అక్టోబరు వరదలలో మెహదీపట్నం దారిలోని టోలిచౌకి నదీం కాలనీ చాలా రోజులు నీటిలోనే ఉన్నది.

కనుక ఎండాకాలంలో ఇల్లు చూసేవారు వానను, వానాకాలంలో చూసేవారు ఎండను ఊహించుకొని చూడవలసి ఉంటుంది. గోడ మీద నీటి చార, సెల్లారులో చెమ్మ, గేటు ముందు ఎత్తుగా కట్టిన సిమెంటు గట్టు ఇవన్నీ పాత వరద గుర్తులు.

రాకపోకలు

మెట్రో రైలు మణికొండకు రాలేదు. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి 2019 మార్చిలోను, అక్కడినుండి రాయదుర్గానికి 2019 నవంబరులోను మెట్రో మొదలయింది. మణికొండవారికి రాయదుర్గమే దగ్గరి స్టేషను. స్టేషను వరకు బండి, ఆటో, క్యాబు, లేదా బస్సు మీద వెళ్ళవలసిందే. 2022 డిసెంబరులో రాయదుర్గం నుండి శంషాబాదు విమానాశ్రయానికి మెట్రోకు శంకుస్థాపన జరిగింది. 2023 చివర ప్రభుత్వం మారడంతో ఆ మార్గాన్ని విరమించారు. రాయదుర్గం నుండి నానక్‌రాంగూడ మీదుగా కోకాపేటకు 11.6 కిలోమీటర్ల మార్గం 2024 నవంబరులో కేంద్రానికి పంపిన రెండవ దశ ప్రతిపాదనలో చేరింది. ఇంటి ప్రకటనలలో "రాబోయే మెట్రో పక్కనే" అని కనబడినప్పుడు ఈ రెండు మార్గాల కథ గుర్తుచేసుకోవడం మంచిది.

ఆర్టీసీ బస్సులు మెహదీపట్నం, టోలిచౌకి, షేక్‌పేట మీదుగా నగరంలోకి తీసుకుపోతాయి. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం క్రింద రాష్ట్రంలోని మహిళలకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం కావడంతో, ఇంటి ఎంపికలో బస్సు స్టాపు దూరం మళ్ళీ లెక్కలోకి వచ్చింది. 2022 జనవరి 1న తెరిచిన షేక్‌పేట ఫ్లైఓవరు టోలిచౌకి వైపు ప్రయాణాన్ని తేలికపరచింది. ఖాజాగూడ కూడలి, బయోడైవర్సిటీ కూడలి మాత్రం ఉదయం సాయంత్రం ఓపికకు పరీక్ష పెడతాయి. ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గంలో ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. బండి మీద వెళ్ళేవారు సర్వీసు రోడ్డు వాడాలి. నానక్‌రాంగూడ, నార్సింగి ప్రాంతాలలో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకాల నీడలో సైకిలు దారి 2023 అక్టోబరులో మొదలయింది. దానిని ఉద్యోగానికి వెళ్ళడానికి వాడేవారు కొద్దిమంది, ఆదివారం ఉదయం వాడేవారు ఎక్కువమంది.

ఇంటిని ఖరారు చేయకముందే, ఉద్యోగానికి వెళ్ళే గంటలో ఒక సోమవారం ఆ దారిని స్వయంగా ప్రయాణించి చూడడం చాలామంది అనుభవజ్ఞులు ఇచ్చే సలహా. ఆదివారం మధ్యాహ్నం 15 నిమిషాల దూరం సోమవారం ఉదయం మూడింతలు కావచ్చు. సంక్రాంతి సెలవులలో ఇల్లు చూడడానికి వచ్చేవారు మరీ మోసపోతారు. ఆ వారం ఊరు సగం ఖాళీ.

విద్యార్థులకు

హైదరాబాదు విశ్వవిద్యాలయం (స్థాపన 1974), ట్రిపుల్ ఐటీ, ఉర్దూ విశ్వవిద్యాలయాలలో చేరేవారికి మణికొండ సరైన చోటు కాదు. ఆ సంస్థలకు ప్రాంగణంలోనే వసతి గృహాలున్నాయి. బయట ఉండదలచినవారికి లింగంపల్లి, మసీదుబండ, గచ్చిబౌలి దగ్గర. మణికొండ ఉపయోగపడేది ఇబ్రహీంబాగ్‌లోని వాసవి ఇంజనీరింగు కళాశాల (1981), గండిపేటలోని చైతన్య భారతి (1979), మహాత్మాగాంధీ (1997) సాంకేతిక కళాశాలల విద్యార్థులకు. ఇద్దరు ముగ్గురు కలిసి రెండు పడకగదుల ఇల్లు తీసుకోవడం హాస్టలు కంటే చవక కావచ్చు, కాని ఇల్లిచ్చేవారు ముందుగా అడిగేది "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" అని. బ్యాచిలర్లకు ఇవ్వని అపార్టుమెంట్లు చాలా ఉన్నాయి. ఇంటి యజమాని ఒప్పుకున్నా అసోసియేషను ఒప్పుకోకపోవచ్చు కనుక, అడ్వాన్సు ఇవ్వకముందే ఇద్దరినీ అడగవలసి ఉంటుంది. మాంసాహారం విషయంలోనూ ఇంతే.

అద్దె ఒప్పందం

హైదరాబాదులో సాధారణంగా రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా తీసుకుంటారు. బెంగళూరు నుండి బదిలీపై వచ్చినవారికి ఇది తక్కువగా తోస్తుంది. ఒప్పందం 11 నెలలకు వ్రాయడం వాడుక. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించడం తప్పనిసరి కావడమే దీనికి కారణం. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె మినహాయించుకొనే అలవాటు కూడా కలదు. ఎంత మినహాయిస్తారో ముందే కాగితం మీద వ్రాయించుకుంటే తగువు ఉండదు.

అద్దె తక్కువగా ఉన్న చిన్న భవనాలలో నిప్పు భద్రత ఎవరూ అడగని ప్రశ్న. 2025 ఫిబ్రవరి 28న పుప్పాలగూడ పాషా కాలనీలో, క్రింద కిరాణా దుకాణం ఉన్న రెండంతస్తుల భవనంలో మంటలు లేచి ఒక చిన్నారితో సహా ముగ్గురు చనిపోయారు. క్రింద దుకాణం గాని గోదాము గాని ఉన్న భవనంలో పై అంతస్తు తీసుకునేవారు మెట్లు ఒకటేనా, డాబా మీదికి తలుపు తాళం లేకుండా తెరుచుకుంటుందా, కిటికీల గ్రిల్లులు లోపలి నుండి తీయవచ్చా, ఫైరింజను ఆ సందులోకి రాగలదా అని చూడడం అవసరం. మణికొండ పాత వీధులలో చివరి ప్రశ్నకు జవాబు తరచు "రాలేదు" అనే వస్తుంది.

పొరుగు ప్రాంతాలు

మాదాపూర్, కొండాపూర్‌లలో అద్దె ఎక్కువ, మెట్రో దగ్గర. కూకట్‌పల్లిలో హౌసింగు బోర్డు కాలనీ కాలం నుండి బళ్ళు, ఆసుపత్రులు, మార్కెట్లు స్థిరపడి ఉన్నాయి, కాని నానక్‌రాంగూడ ఉద్యోగికి దూరం. అమీర్‌పేట ఉద్యోగం వెదుక్కునేవారి ఊరు, కోచింగు సెంటర్లకు, హాస్టళ్ళకు పేరు పొందింది. ఉద్యోగం దొరికాక అక్కడినుండి మణికొండకు మారడం ఒక తరం సాఫ్టువేరు ఉద్యోగులకు మామూలు ప్రస్థానం. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. అక్కడ లేస్తున్న ఆకాశ హర్మ్యాలలో పనిచేసే వంటవారు, డ్రైవర్లు, కాపలాదారులు, కొత్తగా చేరిన ఉద్యోగులు ఉండడానికి దగ్గరలో మిగిలిన చోట్లలో మణికొండ, పుప్పాలగూడ పాత వీధులు ఉన్నాయి. ఆ వీధులలోనూ పాత ఇళ్ళను పడగొట్టి అపార్టుమెంట్లు కట్టడం సాగుతున్నది.